నోటి వంక చూసి మాట్లాడే మనిషి

మొన్న బాపట్లలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నా ఎదురు వరసలో ఒకాయన కూర్చున్నారు. ఆయనకి నత్తి. మారు వడ్డించే మనిషి వచ్చి "ఏం కావాలండీ?" అంటే "పూ... పూ..." అన్నారు. ఆ మనిషి ఇక ఆగలేదు. రెండు గరిటెల పులిహోర తెచ్చి ఆకులో గుమ్మరించి వెళ్ళిపోయాడు. ఆయనకి కావలసింది పూర్ణం బూరె. పాపం, తల వంచుకుని పులిహోర తిన్నారు. రెండోసారీ అదే ప్రశ్న, అదే "పూ...", అదే పులిహోర. మూడోసారి మాత్రం ఆయన పక్కన కూర్చున్న పెద్దమనిషి వడ్డించే చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"ఆగవయ్యా! ఆయన నోరు నువ్వేం అద్దెకు తీసుకోలా. చెప్తాడు, నిలబడి విను."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ఆ పెద్దమనిషిని పట్టుకున్నాను.

"ఆ మాట మీరెక్కడ నేర్చుకున్నారండీ?"

"మా అమ్మాయికి చిన్నప్పుడు మాటలు ఆలస్యమైతే నరసరావుపేటలో ఒక మేడమ్ దగ్గరికి తిప్పామమ్మా. పిల్ల నోరు తెరిచేలోపు మేమే చెప్పేస్తంటే ఆవిడ మమ్మల్ని ఇట్టాగే తిట్టేది."

"ఇప్పుడెక్కడున్నారావిడ?"

"పోయి రెండేళ్ళయిందమ్మా. మీకూ తెలుసా?"

తెలుసు. కానీ పోయిందన్న సంగతే తెలియదు. నాకు ఒంగోలు బదిలీ అయ్యాక రాకపోకలు తగ్గి, ఆఖరికి పండక్కి ఒక ఫోనుగా మిగిలి, అదీ ఆగిపోయింది. తప్పు నాదే. ఆవిడకి ఫోను ఇష్టం ఉండేది కాదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాసినా ఆ ఊళ్ళో పోల్చుకునేవాళ్ళు తక్కువ. "మాటల మేడమ్" అంటే రిక్షావాళ్ళు తీసుకెళ్ళి గుమ్మంలో దించేవాళ్ళు. ఒక చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారి ఆసుపత్రి వెనక, ఒకప్పుడు పాత మంచాలు పడేసుకున్న గది ఆవిడది. మాట పోయినవాళ్ళకీ, మాట రానివాళ్ళకీ మాటలు నేర్పేది. తొంభైల చివర్లో మా ప్రాంతంలో అలాంటి చదువొకటి ఉందని కూడా ఎవరికీ తెలియదు. గొంతుకి ఏదో మందు పూస్తుందనుకుని వచ్చేవాళ్ళు.

పొడుగాటి మనిషి. నడక గబగబా, మాట అంతకంటే గబగబా. మాటలు నేర్పే మనిషి మాట్లాడితే సగం మాకు అర్థమయ్యేది కాదు. ఇంకో అలవాటు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడదు, నోట్లోకి చూస్తుంది. కొత్తగా పరిచయమైనవాళ్ళు పళ్ళ సందున గోంగూర ఏమైనా ఇరుక్కుందేమోనని నాలుకతో తడుముకునేవాళ్ళు. నేనూ తడుముకున్నాను. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తానని తెలిసినప్పుడు మొహం చిట్లించింది.

"మూతులు కనపడని మాటలేం మాటలు అమ్మాయ్! ఇంకో ఉద్యోగం దొరకలా నీకు?"

ఆవిడ చదివింది గణితంలో ఎమ్మెస్సీ. తండ్రి చిలకలూరిపేటలో టైలరు. చదువవగానే మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో లెక్కల టీచరుగా మూడేళ్ళు పనిచేసి వచ్చింది. ఫారిన్ నుంచి వచ్చిన అమ్మాయి ఏ కాలేజీలోనో లెక్చరరుగా చేరుతుందనుకుంటే, మళ్ళీ పుస్తకాలు పట్టుకుని, పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని ఇంకో డిగ్రీ చదివింది. "ఎమ్మెస్సీ చేసి, ఫారిన్ పోయొచ్చి, మళ్ళీ అ ఆలు దిద్దుకుంటావా?" అన్నాడట వాళ్ళ నాన్న. "అవును అబ్బా. మొదటిసారి సరిగ్గా దిద్దలా," అన్నదట. ఆ మాటకి అర్థం ఆయనకి తెలియలేదు. మాకూ చాలా కాలం తెలియలేదు.

ఆవిడ మా ఇంట్లోకి వచ్చింది మా నాన్న వల్ల.

మా ఊరు నరసరావుపేటకి ఎనిమిది కిలోమీటర్లు. మా నాన్న మిరపా పత్తీ వేసే రైతు. గట్టు మీద నిలబడి కేకేస్తే రోడ్డు మీద బస్సు ఆగుతుందని ఊళ్ళో వేళాకోళం. నిజానికి ఒకసారి ఆగింది కూడా. అలాంటి మనిషి, మిరపకాయలు కళ్ళంలో ఆరబోసి ఉండగా ఒక ఉదయం కూలబడిపోయాడు. పక్షవాతం. మూడు నెలల్లో కాలు తిరిగి వచ్చింది, చెయ్యి సగం వచ్చింది, మాట రాలేదు. అంటే ఒక్కటి మాత్రం వచ్చింది. "నీయబ్బ."

ఆడపిల్లల ముందు ఏనాడూ నోరు జారని మనిషి. ఇప్పుడు నీళ్ళు కావాలన్నా "నీయబ్బ", తువ్వాలు కావాలన్నా "నీయబ్బ". గుంటూరులో పెద్ద డాక్టరు గారు "ఎలా ఉంది పెద్దాయనా?" అని భుజం మీద చెయ్యి వేస్తే, కళ్ళలో కృతజ్ఞత నింపుకుని "నీయబ్బ" అన్నాడు. మా అమ్మ చుట్టాలని ఇంటికి రానివ్వడం మానేసింది. నాన్న కూడా నోరు గట్టిగా మూసుకుని గోడ వంక చూస్తూ పడుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి భయపడి, ఎక్స్ఛేంజిలో ఎవరో చెబితే, ఆ వెనక గదికి తీసుకెళ్ళాం.

మేడమ్ ఒక కుర్చీ నాన్నకెదురుగా లాక్కుని కూర్చుంది. "పెదనాన్నా, మీ పేరు చెప్పండి," అంది.

నాన్న ప్రయత్నించాడు. మెడ నరాలు తేలాయి. ఆఖరికి వచ్చింది అదే. అమ్మ పైట చెంగు మొహానికి కప్పుకుంది. "తప్పుగా అనుకోబాక తల్లీ, ఆయన అసలు అట్టాంటి మనిషి కాదు."

"మా ఇంట్లో నాన్నని అబ్బా అనే పిలుస్తాం పెద్దమ్మా. నాకేం తప్పుగా వినపడలా," అని మేడమ్ ఇంకాస్త ముందుకి వంగి, నాన్న నోట్లోకి చూస్తూ, "ఏదీ, ఇంకోసారి అనండి," అంది.

"నీయబ్బ."

"బాగుంది. పెదవులు గట్టిగా కలుస్తన్నాయి. ఇంకోసారి."

నాలుగోసారికి నాన్న నవ్వాడు. కళ్ళంలో పడిపోయాక అదే మొదటి నవ్వు.

"తిట్లు, పాటలు, ఎక్కాలు వేరే గదిలో ఉంటాయమ్మాయ్," అంది నాతో, ఎప్పటిలాగే గబగబా. "తాళం పడింది మాటల గదికి. ఈ గదిలోంచి ఆ గదిలోకి దోవ తవ్వుకోవాలి. మనకి 'నీ' ఉంది, 'బ్బ' ఉంది. ఇంకేం కావాలి?"

రెండు వారాల్లో 'నీ'కి తోక తగిలించి 'నీళ్ళు' చేసింది. 'బ్బ'లోంచి 'డబ్బా' వచ్చింది, 'అబ్బాయి' వచ్చింది. నాన్న మొదటిసారి "నీ...ళ్ళు" అన్న రోజు అమ్మ ఆయన చేత బిందెడు తాగించింది. అంకెలు మాత్రం విడిగా వచ్చేవి కాదు. ఎక్కాల్లాగా వరసలో వచ్చేవి. ఎన్ని ఇడ్లీలు పెట్టమంటావని అడిగితే "ఒకటి రెండు మూడు నాలుగు" అని అక్కడ ఆగేవాడు. నాలుగు ఇడ్లీలన్నమాట. పదకొండు గంటలకి టైమెంతయిందని అడగకుండా ఉండటం మేము నేర్చుకున్నాం.

కానీ ఆవిడ నేర్పింది నాన్నకంటే మాకే ఎక్కువ. నాన్న "క..." అనగానే అమ్మ "కండువానా? కాఫీనా? కళ్ళజోడా?" అని బజారంతా ఏకరువు పెట్టేది. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టేది. "మీరు అందియ్యబాకండి. ఆయన నోరు మీరేం అద్దెకు తీసుకోలా." తర్వాత ఆగేది. ఆగడమంటే మామూలు ఆగడం కాదు. నోటి వంక చూస్తూ, రెప్ప వేయకుండా, రెండు నిమిషాలు. అంత తొందర మనిషికి అంత ఓపిక ఎక్కడిదో! గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. ఆ నిశ్శబ్దం భరించలేక ఒకసారి నేను లేచి బయటికి వెళ్ళిపోయాను.

దాని విలువ మాకు తెలిసింది జ్యేష్ఠమాసంలో. నారు పోసే రోజులు దగ్గరపడ్డాయి. మా బాబాయి, నాన్న తమ్ముడు, పొలం కౌలుకిచ్చేయాలని పట్టుబట్టాడు. చెడ్డవాడు కాదు, అన్న మీద ప్రేమే. ఒక ఆదివారం మధ్యాహ్నం మా వసారాలో కూర్చుని అన్నీ తేల్చేస్తున్నాడు. నాన్న మంచం మీద ఉన్నాడు. ఆయన ఎదురుగానే ఆయన పొలం సంగతి మాట్లాడుతున్నారు, ఆయన లేనట్టే. అప్పుడే నాన్న మాట ఎంతవరకు వచ్చిందో చూద్దామని మేడమ్ బస్సు దిగి వచ్చింది.

"అన్నయ్యకి మాట లేదు గదమ్మా. కూలోళ్ళని ఎట్టా పురమాయిస్తాడు? కౌలుకిస్తే ఆయనకీ విశ్రాంతి," అన్నాడు బాబాయి.

"ఆయన్ని అడిగారా?"

"మాట రాని మనిషిని ఏమడుగుతాం?"

"రాకపోవడం కాదు, ఆలస్యం. అడగండి. అడిగి ఊరుకోండి."

బాబాయి అయిష్టంగానే మంచం వైపు తిరిగాడు. "అన్నాయ్, పొలం కౌలుకిద్దామా?"

నాన్న నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. బాబాయి "చూశారా" అనబోతే మేడమ్ చెయ్యి లేచింది. "పొ..." అన్నాడు నాన్న. అమ్మ "పొద్దున—" అని, ఆవిడ చూపు చూసి నోట్లో పైట కుక్కుకుంది. నాన్న నుదుటి మీద చెమట పట్టింది. ఎడంచేత్తో మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. బయట గేదె అరిచింది. రోడ్డు మీద బస్సొకటి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"పొలం... నా...ది," అన్నాడు. మళ్ళీ చాలాసేపు. "నారు... పొయ్యి."

ఆ 'పొయ్యి' నా వైపు తిరిగి అన్నాడు. ఆ తర్వాత తమ్ముడి వైపు తిరిగి, ఏ తడుముకోవడమూ లేకుండా, గంట కొట్టినట్టు "నీయబ్బ!" అన్నాడు.

మేడమ్ సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. "ఇది మాత్రం కావాలనే అన్నాడు. రాసుకుంటన్నా."

బాబాయి నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, ఆ తర్వాత ఆయనే వెళ్ళి మిరప విత్తనాలు తెచ్చాడు. నాన్న ఇంకా ఏడు పంటలు తీశాడు. కేకలు లేవు. కూలీలు గట్టు దగ్గరికొచ్చి, నిలబడి, ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగేవాళ్ళు.

అప్పటినుంచి మేడమ్ మా ఇంటి మనిషైంది. ఆదివారాలు ఒక్కోసారి లూనా మీద మార్టూరు రాళ్ళ పాలిషింగు యూనిట్లకి పోయేది, ఆ మోతలో పనిచేసేవాళ్ళ చెవులు చూడటానికి. చెవుల్లో దూది పెట్టుకోమని పోట్లాడేది. "దూది పెట్టుకుంటే మేస్త్రీ పిలిచేది ఇనపడదు మేడమ్," అన్నాడట ఒకతను. "ఇప్పుడు ఇనపడతందా?" అని అడిగితే "ఏందీ?" అన్నాడట. అది చెప్పి పడీ పడీ నవ్వేది, నవ్వాక వచ్చే ఆదివారానికి ఇంకో దూది కట్ట సంచీలో పెట్టుకునేది.

ఒకసారి అందరం వాడరేవు వెళ్ళాం. మేమంతా సముద్రం వైపు కూర్చుంటే ఆవిడ సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుని పులిహోర తింది.

"అదేంటి మేడమ్?"

"మూడేళ్ళు అదే చూశాను. ఎటు తిరిగినా అదే. ఆ దీవి చుట్టూ నడిస్తే ఇరవై నిమిషాలు. తప్పిపోదామన్నా కుదరదు. నాకు లారీ కనపడితే ప్రాణం లేచొస్తది అమ్మాయ్."

కాస్త అవతల ఒకామె చేపలు ఎండబెడుతోంది. వెనక నుంచి ఎవరో పిలుస్తున్నారు, ఆమెకి గాలి హోరులో వినిపించలేదు. మేడమ్ తినడం ఆపి ఆమెనే చూసింది. ఆమె తిరిగి పలికేదాకా చూసింది. అప్పుడు చెప్పింది, ఎవరూ అడగకుండానే.

ఆ దీవి బడిలో పదకొండేళ్ళ పిల్ల ఒకతి ఉండేదట. మొదటి బెంచీ. టీచరు ఎదురుగా నిలబడి అడిగితే చక్కగా చెప్పేది. బోర్డు మీద రాస్తూ వెనక్కి తిరక్కుండా అడిగితే మాత్రం పలికేది కాదు. పొగరనుకుంది మేడమ్. కొత్త టీచరు, పాతికేళ్ళ వయసు. పలకనప్పుడల్లా లేపి గోడ వైపు తిప్పి నిలబెట్టేది. ఒక ఏడాది పాటు.

"ఒకరోజు వరండా పైన రేకు ఊడి పడింది. పిల్లలంతా ఎగిరిపడ్డారు. నేను అరిచాను. ఆ పిల్ల ఒక్కతే లెక్క చేసుకుంటా ఉంది."

చెవుడు. పుట్టు చెవుడు కాదు, ఏదో జ్వరం తర్వాత వచ్చింది. ఇంట్లోవాళ్ళకీ సరిగ్గా తెలియదు. పెదవులు చూసి చదువు నెట్టుకొస్తోంది.

"ఆ పిల్లకి నా నోరే చెవి. నేను తీసుకెళ్ళి గోడకి తిప్పాను," అంది మేడమ్. "వచ్చేసే రోజు పడవ దగ్గరికొచ్చి చెయ్యి ఊపింది. సారీ చెప్పాలనుకున్నా. చెప్పలా. టీచర్ని గదా!"

పులిహోర డబ్బా మూత పెట్టింది. ఎవరి మాటా అందియ్యకూడదని అప్పటికి నేర్చుకున్నాం.

సునామీ వచ్చింది ఆ తర్వాత రెండేళ్ళకి. వాడరేవులో పడవలు విరిగిన వార్తలతో పాటు మాల్దీవుల పేరు కూడా వినపడింది. సోమవారం పొద్దున్నే మేడమ్ ఎక్స్ఛేంజికి వచ్చింది. చేతిలో పాత డైరీ కాగితం.

"ఆ దీవి మొత్తానికి ఒకటే ఫోను ఉండేది, ఆఫీసులో. ఈ నంబరు. కలుపు."

నంబర్లు మారిపోయాయి. కొత్త నంబరు సంపాదించడానికే ఒక రోజు పట్టింది. తర్వాత లైన్లు లేవు. ఆవిడ గదికి తాళం వేసి, మూడు రోజులు నా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఫోనంటే గిట్టని మనిషి, రిసీవరు నా చెవి దగ్గరుంటే నా నోటి వంక చూస్తూ కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం అటువైపు ఎవరో ఎత్తారు.

రిసీవరు లాక్కుని గబగబా ఇంగ్లీషులో ఏదో అంది. అవతలి మనిషికి అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పింది. కాలేదు. అప్పుడు కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకుని, రోగులకి చెప్పేటట్టు ఒక్కో అక్షరం విడదీసి, నిదానంగా ఆ పిల్ల పేరు చెప్పింది. 'వినపడని అమ్మాయి' అని చెప్పింది. ఆవిడ అంత నిదానంగా మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. అవతలి మనిషి ఉండమని చెప్పి ఎక్కడికో వెళ్ళాడు. మాట కోసం రెండు నిమిషాలు రెప్ప వేయకుండా ఆగగల మనిషి, ఆ రెండు నిమిషాలు ఆగలేకపోయింది. రిసీవరు తీగని వేలికి చుట్టి, విప్పి, చుట్టి, నా భుజం పట్టుకుని కుదిపింది. "ఏం చేస్తన్నాడు? ఏడి? పెట్టేశాడా?"

అతను తిరిగి వచ్చి ఏదో చెప్పాడు. ఆవిడ మూడుసార్లు చెప్పించుకుంది. పెట్టేశాక స్టూలు మీద కూలబడింది.

"ఉంది. ఇల్లు పోయిందంట. మనుషులున్నారు. పెళ్ళయిందంట, ఇద్దరు పిల్లలంట," అని, ఎక్స్ఛేంజిలో అందరి ముందూ భోరుమంది.

ఆ వేసవిలో వెళ్ళింది. డాక్టరు గారి దగ్గర చెవులు పరీక్ష చేసే మిషను అరువడిగి, దాన్ని పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని పోయింది. మూడు వారాలుండి, ఆ దీవిలోనూ పక్క రెండు దీవుల్లోనూ బడిపిల్లల చెవులన్నీ చూసి వచ్చింది. వచ్చిన మర్నాడు సాయంత్రం మా వసారాలో కూర్చుని చెప్పుకొచ్చింది. నాన్న మంచం మీద కూర్చుని ఆవిడ నోటి వంకే చూస్తూ విన్నాడు.

"పడవ దిగేటప్పటికే ఒడ్డున నిలబడుంది. గుర్తుపట్టింది. నేనే గుర్తుపట్టలా, నాకంటే పొడుగైంది. తనకని చెవిలో పెట్టుకునే వినికిడి మిషనొకటి కూడా తీసుకెళ్ళా, పెట్టాను. పది నిమిషాలుంచుకుని తీసి నా చేతిలో పెట్టింది. 'పిల్లలు ఇంత గోల చేస్తారని నాకు తెలీదు, వద్దు' అని కాగితం మీద రాసింది!"

అందరం నవ్వాం. "సారీ చెప్పారా?" అని అడిగాను.

"చెప్పాను. ఎదురుగా నిలబడి, నోరు బాగా కనపడేటట్టు చెప్పాను. ఎందుకని అడిగింది. గోడ సంగతి చెప్పాను. కాసేపు నన్నే చూసింది. తర్వాత నా భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి గోడ వైపు తిప్పి నిలబెట్టింది. ఇల్లు కొత్తగా కట్టుకుంటన్నారు, అప్పటికి ఒకటే గోడ లేచింది. ఆ గోడకి. వెనక మొగుడూ పిల్లలూ అందరూ ఉన్నారు. ఏం చేస్తన్నారో, నవ్వుతన్నారో ఏడుస్తన్నారో నాకేం తెలీలా. వెనక్కి తిరగబుద్ధయింది. తిరగలా. నిలబడ్డా."

నాన్న నోరు తెరిచాడు. "ఎం..." అన్నాడు. మేము ఆగాం. ఆవిడా ఆగింది, ఆయన పెదవుల వంక చూస్తూ.

"ఎంత... సేపు?"

"టీ మరిగేంతసేపు పెదనాన్నా. భుజం తట్టి, గ్లాసు చేతికిచ్చింది," అంది మేడమ్. "నేనైతే గంట కొట్టేదాకా నిలబెట్టేదాన్ని."